చింతగింజకూ అంకెకూ మధ్య

కూరగాయల అంగడిలో బంగాళాదుంపలు కిలో 20 రూపాయలు, ఉల్లిపాయలు కిలో 15 రూపాయలు. కొనడానికి వచ్చినవాళ్లు కావాలనే చిక్కు తూకాలు అడుగుతారు. దుంపలు 800 గ్రాములు, ఉల్లిపాయలు కిలో 400 గ్రాములు ఇమ్మని 200 నోటు చేతిలో పెడతారు. అంగట్లో కూర్చున్న పిల్ల కాగితం జోలికే పోదు. పదహారూ ఇరవై ఒకటీ ముప్పై ఏడు అని లోపల్లోపలే కూడుకుని 163 రూపాయలు లెక్కపెట్టి ఇచ్చేస్తుంది. కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే 1,436 మంది పిల్లలను అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డ్యూఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ బృందం ఇలాంటి లెక్కలతో పరీక్షించి, ఫలితాలను 2025లో నేచర్ పత్రికలో ప్రకటించింది. అంగట్లో అంత చురుగ్గా లెక్క తేల్చిన పిల్లల్లో చాలామంది, బడి పుస్తకం తరహాలో తీసివేతలూ భాగహారాలూ రాసిస్తే తడబడ్డారు. బడికి మాత్రమే వెళ్లే 471 మంది పిల్లల సంగతి దీనికి సరిగ్గా తలకిందులు. కాగితం మీద లెక్క చేయగలిగినవాళ్లు అంగడి లెక్క దగ్గర ఆగిపోయారు. ఎవరికి వచ్చిన లెక్క వాళ్లకే ఉంది, ఒక చోట నేర్చినది ఇంకో చోట అక్కరకు రాలేదు.

మన దేశంలోనే ఇలా ఉందనుకోవద్దు. 1985లో వచ్చిన ఒక అధ్యయనం కోసం బ్రెజిల్‌లోని రెసిఫీ నగరంలో వీధి అంగళ్లలో పనిచేసే ఐదుగురు పిల్లలను ముగ్గురు పరిశోధకులు దగ్గరగా గమనించారు. బేరం మధ్యలో అడిగిన లెక్కల్లో 98 శాతం సరిగ్గా చెప్పిన ఆ పిల్లలే, అవే లెక్కలను వట్టి అంకెలుగా ఇస్తే 37 శాతం మాత్రమే చేయగలిగారు. ఒక్కోటి 35 క్రూజేరోల చొప్పున పది కొబ్బరికాయలు ఎంత అని అడిగితే ఒక పిల్లవాడు మూడు కాయలు 105 అన్నాడు, ఇంకో మూడు కలిపి 210 అన్నాడు, అలా 315 దాకా వెళ్లి చివరికి 35 చేర్చి 350 అని తేల్చాడు. పదితో గుణిస్తే పక్కన సున్న పెడితే చాలని అతనికి తోచలేదు. అయినా అతను చేసినది అచ్చమైన గణితమే. సంఖ్యను తనకు అనువైన ముక్కలుగా విడగొట్టి మళ్లీ కూర్చుకున్నాడు.

ఇంట్లో ఆటలతో లెక్కలు నేర్పాలనుకునే ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవలసిన మూడో ఫలితం ఇంకొకటి ఉంది. ఢిల్లీలో ప్రథమ్ సంస్థ నడిపే 214 శిశు తరగతుల్లో, సగటున ఐదేళ్ల వయసున్న 1,540 మంది పిల్లలతో నాలుగు నెలల పాటు ఆటలు ఆడించారు. రెండు చుక్కల గుంపుల్లో ఏది పెద్దది, ఈ ఆకారాల్లో వేరుగా ఉన్నది ఏది వంటి ఆటలు. ఫలితం 2017లో సైన్స్ పత్రికలో వచ్చింది. పిల్లల్లో ఆ చురుకుదనం పెరిగింది, ఏడాది తర్వాత కూడా నిలిచింది. కానీ బడిలో చేరాక అంకెలతో చేసే లెక్కల్లో వాళ్లు మిగతా పిల్లల కంటే ముందుకు పోలేదు.

ఇది విని నిరుత్సాహపడనక్కరలేదు. ఈ ఫలితాలు చెబుతున్నది ఆట దండగ అని కాదు, ఆట ఆడించి వదిలేస్తే సరిపోదని. చేతిలో గింజ, నోట్లో మాట, కాగితం మీద అంకె, ఈ మూడూ ఒకే చాప మీద, ఒకే పూట కలవాలి. చేత్తో చేయడం, బొమ్మగా చూడడం, గుర్తుగా రాయడం అనే మూడు మెట్లను జెరోమ్ బ్రూనర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1960ల్లోనే వివరించాడు. మన ఇళ్లలో మొదటి మెట్టుకు లోటు లేదు. బడిలో మూడో మెట్టు మీదే కూర్చోబెడతారు. పిల్లలు జారేది ఆ రెండింటి మధ్యే. అందుకే ఆట ఏదైనా సరే, పక్కన ఒక నోటుపుస్తకం పెట్టండి. అందులో రాసే పని పిల్లలదే. పెద్దవాళ్లు కలం ముట్టుకోవద్దు.

కట్ట విప్పితే

కొబ్బరి ఈనెల చీపురు అరిగిపోతే పారేయకండి. ఈనెలను వేలెడంత ముక్కలుగా విరిచి పిల్లల చేతికివ్వండి. పదేసి లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేయడం వాళ్ల పని. పది కట్టలు కలిపి ఇంకో పెద్ద కట్ట. ఒకటి, పది, వంద, అన్నీ చేతిలో బరువుగా, కంటికి పరిమాణంగా తెలుస్తాయి. మరియా మాంటిస్సోరి ఇదే పనికి పూసలు వాడారు. విడి పూస ఒకటి, పది పూసల కడ్డీ, వంద పూసల చదరం, వెయ్యి పూసల ఘనం. 1939లో ఆమె మద్రాసు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉన్నారు. ఆ పూసల పెట్టె ఖరీదైనది. ఈనెలకు ఖర్చు లేదు, పైగా పూసల కడ్డీలో లేని ఒక సుగుణం వీటిలో ఉంది. కట్టను విప్పవచ్చు.

విప్పడం ఎందుకంత ముఖ్యమో ఒక లెక్కతో చూద్దాం. 52 లోంచి 27 తీసేయమంటే రెండో తరగతి, మూడో తరగతి పిల్లలు చాలామంది 35 అని రాస్తారు. ఇది అజాగ్రత్త వల్ల వచ్చే తప్పు కాదు. రెండు లోంచి ఏడు పోదు కాబట్టి ఏడు లోంచి రెండు తీసి ఐదు, ఐదు లోంచి రెండు తీసి మూడు. పిల్లవాడి దృష్టిలో 52 అంటే ఐదు, రెండు అనే రెండు వేర్వేరు అంకెలు. యాభై, రెండు కాదు.

ఇప్పుడు అదే లెక్క చాప మీద. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడేళ్ల మనవరాలు, పక్కన అమ్మమ్మ.

"అమ్మమ్మా, ఇరవై ఏడు తీయమన్నావు. విడివి రెండే ఉన్నాయి. ఏడు ఎలా తీయను?"

"నీ దగ్గర మొత్తం ఎన్ని పుల్లలున్నాయే?"

"యాభై రెండు."

"యాభై రెండు పుల్లల్లో ఏడు పుల్లలు లేవా?"

పాప కట్టల వైపు చూస్తుంది. కాసేపు ఏమీ అనదు. అమ్మమ్మ కూడా ఏమీ అనకపోవడమే ఇక్కడ గొప్ప బోధన. తర్వాత పాప ఒక కట్ట తీసుకుని, అడగాలా వద్దా అన్నట్టు ఒకసారి తలెత్తి, రబ్బరు బ్యాండు లాగేస్తుంది. పుల్లలు చెదిరి పడతాయి. ఇప్పుడు విడివి పన్నెండు. ఏడు తీస్తే ఐదు మిగిలాయి. నాలుగు కట్టల్లో రెండు తీస్తే రెండు. ఇరవై ఐదు.

"ఇప్పుడు నువ్వు చేసిందంతా పుస్తకంలో రాయవే తల్లీ. కట్ట విప్పావు కదా, అది ఎలా రాస్తావు?"

పాప 5 కొట్టేసి పైన 4 వేస్తుంది. 2 పక్కన ఒకటి చేర్చి 12 చేస్తుంది. బడిలో పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం అని నేర్పేది ఇదే. కాకపోతే ఇక్కడ ఆ కొట్టివేతకు ఆమె చేతులు సాక్ష్యం. రాయమని అడిగిన ఆ చివరి ప్రశ్న లేకపోతే ఇది మంచి ఆటగా మిగిలిపోయేది, ఢిల్లీ శిశు తరగతుల్లో జరిగినట్టు.

కొన్నాళ్లు ఇలా పుల్లలూ రాతా కలిసి సాగనివ్వండి. తర్వాత పుల్లలు పక్కన పెట్టి, కట్టకు ఒక నిలువు గీత, విడి పుల్లకు ఒక చుక్క గీసుకుని చేయమనండి. కొన్నాళ్లకు గీతలు, చుక్కలు వాటంతటవే రాలిపోతాయి. ఎప్పుడు రాలాలో పిల్లలే తేల్చుకుంటారు. తొందరపెట్టి పుల్లలు లాక్కుంటే మళ్లీ 35 వస్తుంది.

ఎక్కాల విషయంలో కూడా నా అభిప్రాయం ఇదే వరసలో ఉంటుంది. ఎక్కాలు కంఠతా రావాలి, అందులో నాకు రెండో మాట లేదు. ఏడెనిమిదులు ఎంత అని ప్రతిసారీ వేళ్లు మడుస్తూ కూర్చునే పిల్లకు భిన్నాలు, భాగహారాలు నరకంగా ఉంటాయి. కానీ కంఠతా పట్టే ముందు ఎక్కం కళ్లకు కనిపించాలి. గుడ్ల ట్రే తీసుకోండి. ఐదు వరసలు, వరసకు ఆరు, మొత్తం 30. ట్రేను పక్కకు తిప్పితే ఆరు వరసలు, వరసకు ఐదు. గుడ్లు మారలేదు. చింతగింజలతో ఏడు వరసలు, వరసకు ఎనిమిది పేర్చి, ఐదో వరస కింద ఒక పుల్ల అడ్డం పెట్టండి. పైన ఐదెనిమిదులు నలభై, కింద రెండెనిమిదులు పదహారు. యాభై ఆరు అనే సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో ఇక మరిచిపోవడం కష్టం. రెసిఫీ పిల్లవాడు కొబ్బరికాయలతో చేసినది కూడా ఇదే.

గడి మీద ఏం చదువుతున్నాం

వైకుంఠపాళి ఆడని తెలుగు పిల్లలు తక్కువ. పాచికలో నాలుగు పడితే కాయను ఒకటి, రెండు, మూడు, నాలుగు అంటూ జరుపుతారు. ఇందులో ఒక చిన్న మార్పు చేస్తే ఆట విలువ చాలా పెరుగుతుంది. కాయ 37లో ఉంటే 38, 39, 40, 41 అంటూ జరపాలి. అంటే పైకి చదవవలసింది తాను వేసిన అడుగులను కాదు, తాను దాటుతున్న గడులను.

ఇది ఊరికే చెబుతున్న మాట కాదు. గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ 2008లో ప్రచురించిన అధ్యయనంలో పేద కుటుంబాల నాలుగైదేళ్ల పిల్లలతో, ఒకటి నుంచి పది వరకు వరసగా గడులున్న చాలా సాదా బోర్డు ఆడించారు. రెండు వారాల్లో నాలుగే సార్లు, సారికి పావుగంట, ఇరవై నిమిషాలు. సంఖ్యల్లో ఏది పెద్దది, గీత మీద ఏ సంఖ్య ఎక్కడ ఉంటుంది అన్నవి స్పష్టంగా మెరుగుపడ్డాయి, తొమ్మిది వారాల తర్వాత కూడా నిలిచాయి. అదే బోర్డు మీద అంకెలకు బదులు రంగులు వేసి ఆడిన పిల్లల్లో ఆ మార్పు రాలేదు. తర్వాత 2014లో ఎలిడా లాస్కీ, సీగ్లర్ నూరు గడుల బోర్డుతో ఇంకో మెట్టు ముందుకు వెళ్లారు. గడి మీద ఉన్న సంఖ్యను చదువుతూ జరిపిన పిల్లలు నేర్చుకున్నారు, ప్రతిసారీ ఒకటి నుంచి లెక్కపెడుతూ జరిపినవాళ్లు అంతగా నేర్చుకోలేదు. ఆట అదే, బోర్డు అదే. తేడా అంతా నోటి మాటలో ఉంది.

మా ఇళ్లలో ఆడే వైకుంఠపాళికి నేను ఇంకో నియమం చేర్చమంటాను. పాము మింగినా, నిచ్చెన ఎక్కినా, ఎన్ని గడులు దిగామో ఎన్ని ఎక్కామో చెప్పాకే తర్వాతి వాళ్లు పాచిక వేయాలి. 64 నుంచి 38కి జారితే ఎన్ని పోయాయి? పిల్లలు దీన్ని తీసివేతగా కాక, 38 నుంచి 40కి రెండు, 40 నుంచి 60కి ఇరవై, 60 నుంచి 64కి నాలుగు అంటూ ఎక్కుకుంటూ వెళ్లి 26 అంటారు. చక్కని పద్ధతి. దాన్ని ఆపి నిలువు తీసివేత చేయించకండి.

ఆట గెలిస్తే బహుమతులు, ఎవరు ముందు చెబుతారో అన్న పరుగుపందేలు వద్దు. అన్నకు పదేళ్లు, చెల్లెలికి ఆరేళ్లు ఉన్న ఇంట్లో పందెం పెడితే చెల్లెలు నేర్చుకునేది లెక్క కాదు, తనకు లెక్కలు రావని.

పావు దేనిలో

భిన్నాల దగ్గర పిల్లలు బెదిరిపోవడానికి ముఖ్యమైన కారణం, భిన్నాన్ని ఒక వస్తువుగా చూపించి ఊరుకోవడం. పుస్తకంలో నాలుగు ముక్కలు చేసిన గుండ్రని బొమ్మ, అందులో ఒక ముక్కకు రంగు. పావు అంటే ఆ రంగు ముక్క అని పిల్లలు అనుకుంటారు.

అటక మీద పాత కొలపాత్రలు ఉంటే దించండి. కోస్తా జిల్లాల్లో వాడుకలో ఉన్న లెక్క ప్రకారం నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. ప్రాంతాన్ని బట్టి పాత్రల పరిమాణం మారినా వరస ఇలా రెట్టింపులతోనే నడుస్తుంది. గిద్దెడు బియ్యం పిల్ల చేతిలో పెట్టి, ఇది సోలలో ఎంత అంటే పావు. తవ్వలో ఎంత అంటే ఎనిమిదో వంతు. మానికలో పదహారో వంతు. కుంచంలో అరవై నాలుగో వంతు. చేతిలో ఉన్న బియ్యం ఒక్క గింజ కూడా మారలేదు, భిన్నం మాత్రం మారుతూ వచ్చింది. దేనిలో పావు అన్న ప్రశ్న ఇక్కడ దానంతటదే పుడుతుంది. ఆ ప్రశ్న పుట్టిన పిల్లకు, ఎనిమిది నాలుగు కంటే పెద్దది కదా, ఎనిమిదో వంతు నాలుగో వంతు కంటే చిన్నదెలా అయింది అన్న చిక్కు కూడా విడిపోతుంది. గిద్దలు ఎన్ని ఎక్కువ పడితే ఒక్కో గిద్ద వాటా అంత తక్కువ.

పాత్రలు లేకపోతే టీ గ్లాసు, చెంబు, బిందె చాలు. పోసే ముందు ఊహ చెప్పాలి, రాయాలి, తర్వాత పోసి చూడాలి. ఊహ తప్పినా నోటుపుస్తకంలో కొట్టేయనివ్వకండి, పక్కన అసలు కొలత రాయమనండి. నాలుగు రోజుల తర్వాత వెనక్కి తిప్పి చూస్తే ఊహలు కొలతలకు దగ్గర పడుతూ రావడం పిల్లలకే కనిపిస్తుంది.

ఐదారేళ్ల పిల్లలతో అయితే ఇంకో సంగతి ఎదురవుతుంది. వెడల్పు గిన్నెలోని నీళ్లను సన్నని పొడవాటి గ్లాసులో పోస్తే నీళ్లు పెరిగాయంటారు. స్విట్జర్లాండ్‌కు చెందిన ఝాఁ పియాజే దీన్ని వివరంగా అధ్యయనం చేశాడు. సుమారు ఏడేళ్లు వచ్చేసరికి సాధారణంగా ఈ భ్రమ పోతుంది. తప్పు అని దిద్దవద్దు, మళ్లీ గిన్నెలో పోయమని చెప్పండి చాలు.

నాలుగు గింజలు, పదహారు దారులు

అష్టా చెమ్మా గురించి మాత్రం తీరిగ్గా చెప్పాలి. వేసవి మధ్యాహ్నాలు గడపడానికి మన పెద్దలు కనిపెట్టిన ఈ ఆటలో సంభావ్యతా శాస్త్రం మొత్తం తొంగిచూస్తుంది.

బోర్డు సుద్దముక్కతో గీసుకోవచ్చు. అడ్డంగా ఐదు, నిలువుగా ఐదు, మొత్తం 25 గడులు. కాయ చుట్టూ ఉన్న 16 గడులు తిరిగి, లోపలి 8 గడుల్లో ఎదురు దిశలో తిరిగి, నడిమి గడి చేరితే పండుతుంది. 16, 8, 1. పిల్లలకు ఇక్కడే ఒక ప్రశ్న ఉంది: ఏడేసి గడుల బోర్డు గీస్తే బయటి చుట్టులో ఎన్ని ఉంటాయి? 24. ప్రతి చుట్టూ లోపలి చుట్టు కంటే ఎనిమిది ఎక్కువ. ఎందుకో గీసి చూస్తే తెలుస్తుంది.

పందేనికి గవ్వలు లేకపోతే నాలుగు చింతగింజలు తీసుకుని గరుకు గచ్చు మీద ఒక వైపు తెల్లపప్పు కనిపించేదాకా అరగదీయాలి. అరగదీసేటప్పుడు గింజ వేడెక్కి వేలు చురుక్కుమంటుంది, పిల్లలకు అదో సరదా. తెల్లవైపు ఎన్ని పడితే అంత పందెం. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్టా, ఎనిమిది. ఈ రెండింటికీ మళ్లీ వేసే అవకాశం ఉంటుంది.

ఇప్పుడు ఆటగాళ్లందరికీ తెలిసిన విషయం: రెండు తరచుగా పడుతుంది, అష్టా అరుదుగా పడుతుంది. ఎంత తరచుగా? ముందు పుస్తకంలో 1, 2, 3, 4, 8 అని రాసుకుని, ప్రతి పందేనికీ కింద ఒక గీత పెట్టమనండి. అరవై నాలుగు పందేలు వేస్తే రెండు కింద గీతలు గుంపుగా నిలబడతాయి, నాలుగు, ఎనిమిది కింద కొద్దిగానే ఉంటాయి. ఇక కారణం వెతకాలి. నాలుగు గింజలకూ వేర్వేరు రంగు చుక్కలు పెట్టండి: ఎరుపు, నీలం, పచ్చ, నలుపు. ఒక్కటే తెల్లగా పడాలంటే అది ఎర్ర చుక్కది కావచ్చు, నీలిది కావచ్చు, పచ్చది కావచ్చు, నల్లది కావచ్చు. నాలుగు దారులు. రెండు తెల్లగా పడడానికి ఎరుపు-నీలం, ఎరుపు-పచ్చ, ఎరుపు-నలుపు, నీలం-పచ్చ, నీలం-నలుపు, పచ్చ-నలుపు, ఆరు దారులు. మూడుకు మళ్లీ నాలుగు. చెమ్మాకు ఒక్కటి, అష్టాకు ఒక్కటి. మొత్తం 16. గింజ రెండు వైపులా సమానంగా పడేదైతే అరవై నాలుగు పందేల్లో రెండు సుమారు ఇరవై నాలుగు సార్లు, అష్టా సుమారు నాలుగు సార్లు పడాలి. సగటు పందెం రెండున్నర.

లెక్కకూ పుస్తకంలోని గీతలకూ తేడా వస్తే కంగారుపడవద్దు. అసలు పాఠం అక్కడే ఉంది. అరగదీసిన గింజ ఒక వైపు చదునుగా, ఇంకో వైపు ఉబ్బుగా ఉంటుంది. రెండు వైపులకూ సమానంగా పడాలని నియమమేమీ లేదు. గవ్వలూ అంతే. వాటిని బొమ్మా బొరుసూలాగా ఊహించుకున్నది మనం. అందుకని ఒకే గింజను వంద సార్లు వేసి, ఎన్నిసార్లు తెల్లగా పడిందో రాయమనండి. పన్నెండేళ్ల పిల్లలు దీన్ని పట్టుదలగా చేస్తారు, గింజకు ఏ వైపు మొగ్గు ఉందో తేలాక తమ లెక్కను సరిచేసుకుంటారు. ప్రయోగం, ఊహ, తేడా, సవరణ. విజ్ఞానశాస్త్రం నడిచే దారి ఇదే.

పైన పదహారు దారుల్లో తేలిన 1, 4, 6, 4, 1 అనే వరస మన ఛందస్సులోనూ ఉంది. నాలుగక్షరాలను గురువు లఘువులతో పేర్చడానికి 16 మార్గాలు, వాటిలో రెండు గురువులున్నవి ఆరు. తెల్లవైపును గురువు అనుకుంటే మన చింతగింజల పట్టికే అది. పింగళుడి ఛందశ్శాస్త్రానికి పదో శతాబ్దంలో వ్యాఖ్యానం రాసిన హలాయుధుడు ఈ సంఖ్యలను మేరుప్రస్తారంగా, అంటే మెట్లుమెట్లుగా దిగే త్రికోణంగా వివరించాడు. పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి గణితజ్ఞుడు పాస్కల్ పేరుతో పాఠ్యపుస్తకాల్లో కనిపించేది ఆ త్రికోణమే. గణవిభజన నేర్చుకునే మన పిల్లలు యమాతారాజభానసలగం అని వల్లె వేస్తారు. మూడేసి అక్షరాలు తీసుకుంటూ పోతే ఎనిమిది గణాలూ ఒక్కోసారి వస్తాయి, ఏదీ రెండోసారి రాదు. మూడు గింజలు పడే దారులు కూడా సరిగ్గా ఎనిమిదే. తెలుగు పీరియడ్‌లో చెప్పినది లెక్కల పీరియడ్‌లో ఎవరూ గుర్తు చేయరు. ఇంట్లో మనం గుర్తు చేయవచ్చు.

ముగ్గులో దాగిన సంఖ్యలు

సంక్రాంతికి పత్రికల్లో వేసే ముగ్గుల కింద ఒక వాక్యం ఉంటుంది: 7 చుక్కలు, 1 వచ్చేవరకు, సందు చుక్క. అంటే మధ్య వరసలో ఏడు చుక్కలు, పైనా కిందా సందుల్లో ఆరు, ఐదు అలా ఒకటి దాకా. మొత్తం చుక్కలు ఎన్ని అని అడగండి. పిల్లలు 1, 2, 3, 4, 5, 6, 7, 6, 5, 4, 3, 2, 1 కూడి 49 అంటారు. ఐదు చుక్కల ముగ్గైతే 25. నాలుగైతే 16. అన్నీ వర్గసంఖ్యలే. ఎందుకో తెలియాలంటే ముగ్గు ముందు నిలబడి తల పక్కకు వంచితే చాలు. ఏటవాలుగా చూస్తే ఏడు వరసలు, వరసకు ఏడేసి చుక్కలు కనిపిస్తాయి. అంత పెద్ద కూడిక ఒక్క చూపులో గుణకారమైపోతుంది.

అదే ముగ్గు ఎదురు చుక్కలతో వేస్తే మధ్య వరసలో 7, పైనా కిందా 5, 3, 1 అవుతాయి, మొత్తం 25. దీనిలోనూ ఒక రహస్యం ఉంది. పక్కపక్కనున్న చుక్కలకు వేర్వేరు రంగులు వచ్చేలా రెండు రంగుల ముగ్గుపొడితో పెట్టండి. ఒక రంగువి 16, ఇంకో రంగువి 9. ఏటవాలుగా చూస్తే మొదటివి నాలుగేసి నాలుగు వరసలు, రెండోవి మూడేసి మూడు వరసలు.

మెలికల ముగ్గు దగ్గరికి వస్తే గణితం ఇంకా లోతుకు వెళుతుంది. చుక్కలను కలపకుండా, వాటి మధ్యలోంచి ఏటవాలుగా గీత పోతూ, అంచు చుక్కను చుట్టి వెనక్కి తిరిగి, చివరికి బయలుదేరిన చోటికే చేరుతుంది. అడ్డం నాలుగు, నిలువు మూడు ఎదురు చుక్కలు పెట్టి గీస్తే చేయి తీయకుండా ఒకే గీతతో ముగ్గు పూర్తవుతుంది. నాలుగూ నాలుగూ పెడితే మాత్రం ఒక గీత మొదలైన చోటికి చేరినా ఇంకా చుట్టని సందులు మిగులుతాయి. మొత్తం నాలుగు గీతలు కావాలి. ఆఫ్రికాలోని అంగోలాలో చోక్వే ప్రజలు ఇసుక మీద వేళ్లతో గీసే సోనా బొమ్మల్లోనూ ఇదే పద్ధతి ఉంది. మొజాంబిక్‌లో దశాబ్దాల పాటు గణితం బోధించిన పౌలుస్ గెర్డెస్ వాటిని అధ్యయనం చేసి పుస్తకాలు రాశాడు.

పిల్లలకు సూత్రం చెప్పకండి. చుక్కల కాగితం ఇచ్చి పట్టిక కట్టమనండి. 2, 3 అయితే ఒక గీత. 2, 4 అయితే రెండు. 3, 3 అయితే మూడు. 3, 5 అయితే ఒకటి. 4, 6 అయితే రెండు. ఆరో తరగతి చదివే పిల్ల ఈ పట్టికను కాసేపు చూస్తే, కావలసిన గీతల సంఖ్య ఆ రెండు సంఖ్యల గ.సా.భా. అని పసిగడుతుంది. బడిలో కారణాంకాలు రాసి, కొట్టివేతలు చేసి తేల్చే ఆ గ.సా.భా.ను వాకిట్లో ముగ్గు తానే చెబుతోంది.

ఎందుకలా అని అడిగే పిల్లలు ఉంటారు. ఉండాలి కూడా. వాళ్లకు ఇలా చెప్పవచ్చు. ప్రతి చుక్క చుట్టూ గీత నాలుగు చిన్న వంపులు తిరుగుతుంది. 4, 6 ముగ్గులో 24 చుక్కలు, అంటే 96 వంపులు. ఒక గీత అడ్డంగానూ నిలువుగానూ పూర్తిగా తిరిగి, బయలుదేరిన చోటికి అదే దిశలో చేరాలంటే రెండు సంఖ్యలకూ కుదిరే పొడవు పోవాలి. 4కూ 6కూ క.సా.గు. 12. దానికి నాలుగు రెట్లు, 48 వంపులు ఒక గీత వాటా. 96 వంపులకు రెండు గీతలు. రెండు సంఖ్యల లబ్ధాన్ని వాటి క.సా.గు.తో భాగిస్తే గ.సా.భా. వస్తుందని పాఠ్యపుస్తకం చెప్పే సూత్రం ఇదే. పిల్ల ఆ సూత్రాన్ని తన ముగ్గు పక్కన, తన అక్షరాలతో రాసుకోవాలి.

ఆ తర్వాత 4, 6 ముగ్గులో ఒక మూల చుక్కను తీసేసి గీయమనండి. ఇప్పుడు అది దీర్ఘచతురస్రం కాదు, పై సూత్రం దానికి వర్తించదు. రెండు మూలల్లో తీసేస్తే, ఎదురెదురు మూలల్లో తీసేస్తే, మధ్యలోని ఒక చుక్క లేకుండా చేస్తే గీతలు ఎన్ని అవుతాయో ముందుగా ఊహ రాసి, గీసి లెక్కపెట్టి, పట్టికలో కొత్త వరస చేర్చుకోవాలి. ఒక కాగితానికి ఇలాంటివి ఆరేడు పడతాయి. కాగితం అయిపోతే వాకిలి ఉంది.